తాళం మారుస్తున్నదెవరు?

ఆ ఉదయం కూడా గీత ఎర్రబడింది.

హైమవతి టీ గ్లాసు పక్కన పెట్టి తెర దగ్గరికి వంగింది. ఎడమ పక్క ‘ముందుచూపు’, కుడి పక్క ‘హాజరు’. రెండింటి మధ్య పచ్చగా ఉండాల్సిన గీత ఎర్రగా వెలుగుతోంది. దాని కింద అవే మాటలు: తాళం సరిపోలేదు.

ముందుచూపు డాక్టర్ కాత్యాయని సృష్టి. చెవి వెనక అతికించుకునే చిన్న బిళ్ళ అది. చింతగింజంత కూడా ఉండదు. మనిషి నిద్రనీ, వేళ్ల వణుకునీ, మాటకీ మాటకీ మధ్య పడే జాగునీ గమనిస్తూ ఉంటుంది. మెదడులో ఏదైనా పాడవడం మొదలైతే, డాక్టర్లు కనిపెట్టడానికి చాలా ముందే చెప్పేస్తుంది. హాజరు నీలాపురం రేవు వాళ్లది. ఎవరు ఏ షిఫ్టులో ఏ క్రేన్ ఎక్కాలో అదే నిర్ణయిస్తుంది. ఈ రెండూ కలిస్తే, చేయి పట్టు తప్పబోయే మనిషిని ముందే క్రేన్ మీంచి కిందికి దించవచ్చు. కానీ రెండూ వేర్వేరు వాళ్లు, వేర్వేరు కాలాల్లో, ఒకదాని ఊసు ఒకదానికి తెలియకుండా కట్టినవి. వాటిని కలిపి నిలబెట్టడమే హైమవతి ఉద్యోగం.

మామూలుగా అనుమానించాల్సినవన్నీ అనుమానించింది. సర్వర్ల గడియారాలు కలిసే ఉన్నాయి. సర్టిఫికెట్లకి గడువుంది. నెట్‌వర్క్ తెగలేదు. మిగిలింది తాళం ఒక్కటే. ముందుచూపు తనెవరో చెప్పుకోవడానికి హాజరుకి చూపించే రహస్య సంకేతాన్ని ఆఫీసులో అందరూ తాళం అనేవారు. యంత్రం తోచిన మాటల్ని దండగా గుచ్చి దాన్ని తయారు చేస్తుంది. జనం ఆరోగ్యం సంగతి రేవు కంపెనీ చేతిలో ఉండకూడదని కాత్యాయని పట్టుబట్టి, ఆ తాళం పెట్టె తన అరచేతికి తప్ప తెరుచుకోకుండా చేసింది. రేవు వైపు ఇంజినీరు ఖాజా మొహిద్దీన్‌కి ఫోన్లో తనే చదివి వినిపిస్తుంది. అతను ఎక్కించగానే ఆ మాటలు అతని తెర మీంచి చెరిగిపోతాయి.

హైమవతి ఖాజాకి ఫోన్ చేసింది.

“మా వైపు బాగానే ఉందండీ,” అన్నాడతను.

“మా వైపు కూడా బాగానే ఉంది.”

“హైమ గారూ, మొన్నే చెప్పాను. ప్రతిసారీ వేరే తాళం ఇస్తున్నారు. నిన్న పెట్టిందానికీ ఇవాళ అడుగుతున్నదానికీ పొంతన లేదు.”

“మూడు నెలలకొకసారే మారుస్తామని మేడమ్ అంటున్నారు. నేను అడిగాను కూడా.”

“అయితే నేను అబద్ధం చెప్తున్నానంటారా?”

అతను ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం ప్రాజెక్టు అధికారి ఆనందవర్ధన్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “మీకు తెలుసో లేదో, ఖాజా మేనమామ రేవు యూనియన్లో పెద్దమనిషి. బిళ్ళలంటే వాళ్లకి గిట్టదు. గీత తెగిన ప్రతిసారీ రేవు సిస్టంలో ఎవరు లాగిన్ అయి ఉన్నారో చూడండి.”

చూసింది. ప్రతిసారీ ఖాజాయే. తెగాక బాగు చెయ్యడానికి వచ్చేదీ అతనే కదా అన్న ఆలోచన ఒక్క క్షణం తట్టింది. కానీ అప్పటికే అనుమానం మనసులో కూర్చుంది.

*

ఇంట్లో కూడా మనశ్శాంతి లేదు. అన్నయ్య పైడిరాజు రేవులో పెద్ద క్రేన్ నడుపుతాడు. అన్నాచెల్లెళ్లిద్దరిదీ రేవు క్వార్టర్స్‌లో ఒకటే వాటా. ఆ సాయంత్రం ఆమె వెళ్లేసరికి పెరటి గడప మీద కూర్చుని ఎవరితోనో ఫోన్లో గొణుగుతున్నాడు. చెల్లెల్ని చూడగానే ఆపేశాడు.

“ఎవరన్నయ్యా?”

“మావోళ్లేలే.”

“నన్ను చూసి ఆపావెందుకు?”

అతను చెవి వెనక బిళ్ళని గోటితో గీరుకున్నాడు. “ఏటుంది, నీ రెండు సిస్టాలూ కలిసినాయా?”

“ఇంకా లేదు.”

“కలవకపోతేనే మంచిదని మావోళ్లు అనుకుంటన్నారు. కలిస్తే ఏటవుతాది? పలానావోడికి చెయ్యి వణుకుతాది అని ఆ డబ్బా సెప్తాది. మర్నాడు ఆడి ఉద్యోగం పోతాది.”

“పోదు. కింద పని ఇస్తారు. మేడమ్ ముందే రాయించుకున్నారు, జీతం తగ్గించకూడదని.”

“నువ్వు నమ్మినావు. మేం నమ్మలేం.”

అన్నం వడ్డిస్తుంటే అతను మామూలుగా అడిగినట్టు అడిగాడు. “ఆ తాళం ఎక్కడుంటాదే?”

హైమవతి గరిటె ఆపింది. “నీకెందుకు?”

“ఊరికినే.”

ఆ రాత్రి ఆమె ఆఫీసు సిస్టాలు తెరుచుకునే తన ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంది. సొంత అన్నని కూడా నమ్మలేని స్థితికి వచ్చానా అని తన మీద తనకే విసుగేసింది. ఫోన్ మాత్రం అక్కణ్ణుంచి తియ్యలేదు.

*

మర్నాడు మిట్టమధ్యాహ్నం రేవులో సైరన్ మోగింది.

దాలినాయుడనే క్రేన్ డ్రైవరుకి పైన గదిలో ఉన్నట్టుండి స్పృహ తప్పింది. గాల్లో ఉన్న కంటైనర్ పక్కకి ఊగి, ఓడ మీది కంటైనర్ల వరసని ఢీకొంది. కింద గొలుసులు బిగిస్తున్న ఎర్రయ్య కాలు ఇనుపచట్రంలో ఇరుక్కుని నలిగిపోయింది. పక్క క్రేన్‌లో ఉన్న పైడిరాజు దిగి పరిగెత్తి, మిగతావాళ్లతో కలిసి ఆ చట్రం పైకెత్తి అతన్ని బయటికి లాగాడు. ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు.

హైమవతి ముందుచూపు తెరిచింది. దాలినాయుడి పేరు ఎదుట హెచ్చరిక ఉంది: మెదడులో మూర్ఛ లక్షణాలు, ఎత్తు మీద పని వద్దు. ప్రమాదానికి కొద్ది రోజుల ముందే పుట్టిన హెచ్చరిక అది. రేవుకి వెళ్లాల్సిన వరసలో నిలబడి, ఆ రోజుల్లో గీత ఒక్కసారీ నిలవకపోవడంతో, అక్కడే ఉండిపోయింది.

మర్నాటి విచారణలో అందరి ముందూ ఆనందవర్ధన్ ఒకటే ప్రశ్న వేశాడు. “హైమవతి గారూ, లోపం ఏ వైపు ఉంది?”

ఎదురుగా ఖాజా కూర్చుని ఉన్నాడు. రాత్రంతా ఆసుపత్రి దగ్గరున్నట్టున్నాడు, చొక్కా నలిగి ఉంది. కిటికీ పక్కన కాత్యాయని ఎర్రబడిన కళ్లతో కూర్చుంది.

“తాళం రేవు వైపు సరిపోవడం లేదు సార్,” అంది హైమవతి.

“మేడమ్, మీరు తాళం మార్చారా?”

“లేదు,” అంది కాత్యాయని. ఆవిడ ముఖంలో తడబాటు ఏమాత్రం లేదు. “గడువు రాలేదు. నేనెందుకు మారుస్తాను?”

ఖాజా లేచాడు. “నేను ఇక మాట్లాడను సార్. ఎర్రయ్య కూతుళ్లు నా పిల్లలతో ఒకే బడిలో చదువుకుంటారు. వాళ్ల నాన్న కాలు తీయించేంత కసి నాకుందని మీరు అనుకుంటే అనుకోండి.”

సాయంత్రానికి అతన్ని ఉద్యోగంలోంచి తాత్కాలికంగా తప్పించారు.

ఇంటికి వెళ్లేసరికి పైడిరాజు గోడకి చేరగిలబడి ఉన్నాడు. చొక్కా మీద నెత్తురు మరకలు ఇంకా అలాగే ఉన్నాయి.

“హైమా, ఆ రోజు ఫోన్లో ఉన్నది దాలినాయుడే,” అన్నాడు. “కళ్లు చీకట్లు కమ్మతన్నాయని నాతో సెప్పినాడు. మీ చెల్లికి సెప్పకు, పేరు రాసేస్తాది అని బతిమాలినాడు. నాను సెప్పలేదు.”

హైమవతి అతని పక్కన కూలబడింది.

“తాళం ఎక్కడుంటాదని అందుకే అడిగినాను,” అన్నాడతను. “ఆడి పేరొక్కటి ఆపొచ్చేమోనని.”

*

ఖాజాని తప్పించాక రేవు వైపు పని కూడా హైమవతి మీదే పడింది. కాత్యాయని ఫోన్లో చదువుతుంటే ఆమే స్వయంగా తాళం ఎక్కించింది. మేనత్త, నిచ్చెన, పొగాకు అంటూ మొదలైన మాటల దండ. గీత పచ్చబడింది. నిలిచిపోయిన హెచ్చరికలన్నీ ఒక్కసారిగా అవతలికి వెళ్లాయి. ఆమె రేవు సిస్టంకి ఇంకెవరూ లాగిన్ కాకుండా దారులన్నీ మూసి ఇంటికి వెళ్లింది.

మర్నాడు పొద్దున్న గీత మళ్లీ ఎర్రబడింది.

ఖాజా లేడు. రేవు వైపు ఎవరూ ముట్టుకోలేదు. కాత్యాయనికి ఫోన్ చేసి, ఏమీ ఎరగనట్టు, “మేడమ్, తాళం ఇంకోసారి చెప్తారా?” అంది.

“రాసుకో. గొడుగు, సాంబ్రాణి, ఏనుగు...”

“మేడమ్, దీన్ని మార్చారా?”

“లేదమ్మా. అదే తాళం. గడువు రాలేదుగా.”

అంత నిబ్బరంగా అబద్ధం చెప్పగలిగే మనిషి అనుకోలేదు. హైమవతికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బిళ్ళ హక్కుల్ని విదేశీ కంపెనీ ఏదో అడుగుతోందని ఆనందవర్ధన్ ఒకసారి అన్నాడు. ఇక్కడ ఈ పని విఫలమైతే ఒప్పందం రద్దవుతుంది. ఆవిడ ఎవరికి కావాలంటే వాళ్లకి అమ్ముకోవచ్చు. అందుకోసం దాలినాయుణ్ణి గాల్లో వదిలేసిందా? విచారణలో ఖాజా ముఖం వంక చూస్తూనే అబద్ధం ఆడిందా?

నివేదికలు సరిచూడాలన్న సాకుతో మర్నాడు పొద్దున్నే వెళ్లి కాత్యాయని గదిలో ఒక మూల కూర్చుంది.

ఆవిడ ఉత్సాహంగా వచ్చింది. సంచీ కొక్కేనికి తగిలించి, తాళం పెట్టె దగ్గరికి వెళ్లి అరచేయి ఆనించింది. తెర వైపు చూసి, “అయ్యో, పాతబడిపోయింది,” అని తనలో తను అనుకుని మీట నొక్కింది. కొత్త మాటల దండ పుట్టింది. దాపరికమేమీ లేదు. గదిలో మనిషి ఉందన్న జంకూ లేదు. “ఖాజాకి చెప్పాలి,” అంటూ ఫోన్ తీసింది. ఈలోగా ప్రయోగశాల నుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్లింది. ఫోన్ బల్ల మీదే ఉండిపోయింది.

కాసేపటికి తిరిగొచ్చింది. పెట్టె వైపు చూసింది. మళ్లీ దగ్గరికి వెళ్లి అరచేయి ఆనించింది.

“పాతబడిపోయింది,” అంది మళ్లీ, అదే గొంతుతో.

“మేడమ్, ఇప్పుడే మార్చారు కదా?”

కాత్యాయని చేయి ఆగింది. “ఎవరన్నారు?”

“నేను చూస్తుండగానే మార్చారు. ఖాజాకి చెప్పాలి అన్నారు. ఖాజా ఇక్కడ లేడు మేడమ్. విచారణలో మీరూ ఉన్నారు.”

ఆవిడ ముఖం మారిపోయింది. కళ్లు చిన్నవయ్యాయి. “నా మీద నిఘా పెట్టమని ఆనందవర్ధన్ పంపాడా? పొద్దుటి నుంచీ ఆ మూల కూర్చున్నది అందుకా?”

“కాదు మేడమ్. ఒక్కసారి పెట్టె చరిత్ర తెరవండి.”

ఆవిడ విసురుగా తెరిచింది. ఎప్పుడెప్పుడు తాళం మారిందో వరసగా కనబడింది. ప్రతిరోజూ ఉంది. కొన్ని రోజుల్లో రెండేసి, మూడేసి సార్లు ఉంది. అన్నీ ఆవిడ అరచేతి గుర్తుతోనే. కాత్యాయని పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చూసింది.

“నా చేతి అచ్చు దొంగిలించారు,” అంది. “నువ్వే. ఇంకెవరికి తెలుసు ఈ పెట్టె సంగతి?”

హైమవతి నోటికి వచ్చిన జవాబు మింగేసింది. ఎదురుగా ఉన్నది అబద్ధాలకోరు కాదని అప్పుడే అర్థమైంది. ఆవిడ కళ్లలో ఉన్నది దొరికిపోయిన మనిషి బెదురు కాదు, తన ఇంట్లోనే దొంగలు పడ్డారన్న భయం.

“మేడమ్,” అంది మెల్లగా. “అందరికంటే ముందు బిళ్ళ పెట్టుకున్నది మీరే కదా. అది ఏం చెప్తోంది?”

కాత్యాయని చెయ్యి దానంతటదే చెవి వెనక్కి వెళ్లింది. కుర్చీలో కూర్చుని, ముందుచూపు తెరిచి తన పేరు కొట్టింది.

హెచ్చరిక ఉంది. జ్ఞాపకం కూడగట్టే భాగంలో క్షీణత, అకారణ అనుమానాలు కలిగే అవకాశం. దాని కింద సంబంధిత వైద్యులు ‘చూశాను’ అని గుర్తు పెట్టాల్సిన చోటు. అక్కడ ఆవిడ పేరే ఉంది. ‘చూశాను, కాత్యాయని.’ మళ్లీ దాని కింద ‘చూశాను, కాత్యాయని.’ వేరే తేదీతో మళ్లీ. ఇంకా కిందికి జరిపితే ఇంకా ఉన్నాయి.

తెలుసుకున్న ప్రతిసారీ ఆవిడ కొత్తగా తెలుసుకుంది. ప్రతిసారీ ఈ కుర్చీలోనే, ఒంటరిగా. తర్వాత అదీ మర్చిపోయింది.

కాత్యాయని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. రోగి కాగితాలు చూసి చెప్పే గొంతుతో అంది: “ఈవిడకి కనీసం ఏడాదిగా ఉంది. ఇంత బాధ్యత ఈవిడ చేతిలో ఉంచకూడదు.”

హైమవతి కళ్లు తుడుచుకుంది.

“దాలినాయుడు,” అంది కాత్యాయని ఒక్కసారిగా తలెత్తి. “అతని హెచ్చరిక... నా వల్లేనా ఆగింది?”

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఖాజా ఇంట్లో కూర్చుని ఉన్నాడు. “అవును మేడమ్.”

ఆవిడ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మళ్లీ తనే తీసేసి నిటారుగా కూర్చుంది. “ఆనందవర్ధన్‌ని పిలువు. ఇప్పుడే. తెల్లారితే ఇదంతా నాకు ఉండదు. నువ్వు చెప్తే నమ్మను. నా చేత్తో రాసి పెట్టుకున్నా, ఎవరో నకలు చేశారంటాను. నన్ను తీసేసింది నువ్వేనని నీ మీద పడతాను. ఓర్చుకోగలవా?”

“ఓర్చుకుంటాను మేడమ్.”

“ఖాజాకి క్షమాపణ చెప్పాలి. అది నాకు గుర్తుండదు. నా బదులు నువ్వు చెప్పు.”

ఆనందవర్ధన్ వచ్చాడు. ఆవిడ అంతా తనే చెప్పింది, ఒక్క మాట తడబడకుండా. తర్వాత పెట్టె మీద చివరిసారి అరచేయి ఆనించి, తన గుర్తుని తనే చెరిపేసి, హైమవతి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది.

*

ఖాజా ఇంట్లో అతని భార్య తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా పక్కకి తప్పుకుంది. ఖాజా వరండాలో పిల్లల సైకిలు చెయిను బిగిస్తున్నాడు. హైమవతి జరిగిందంతా చెప్పింది.

“మేడమ్ మీకు క్షమాపణ చెప్పమన్నారు.”

“ఆవిడ చెప్పక్కర్లేదు. ఆవిడకి తెలిసి చెయ్యలేదు.” అతను తలెత్తలేదు. “మీకు తెలుసు కదా హైమ గారూ. తాళం మారుతోందని నేను చెప్పాను.”

“చెప్పారు.”

“మేడమ్ మాట నమ్మారు. నా మాట నమ్మలేదు. ఎందుకో నేను అడగను, మీరు చెప్పొద్దు.”

“తప్పు చేశాను ఖాజా గారూ. రేపు విచారణలో అందరి ముందూ ఆ మాటే చెప్తాను.”

చెయిను గాడిలో పడింది. అతను పెడలు తిప్పి చూశాడు. “టీ తాగి వెళ్లండి,” అన్నాడు కొంతసేపటికి. లోపల్నుంచి గ్లాసు వచ్చింది గానీ ఇచ్చినావిడ ఆమె వంక చూడలేదు.

సోమవారం అతను తిరిగి ఉద్యోగంలో చేరాడు. ఈసారి అతని బల్ల ప్రయోగశాల హాల్లోనే, హైమవతికి దగ్గర్లో వేశారు. గీత పచ్చగా నిలబడింది. దాలినాయుడికి గేటు దగ్గర పని ఇచ్చారు, జీతం తగ్గించలేదు. అది చూశాక పైడిరాజు తోటివాళ్లు ఒకరిద్దరు తమంతట తామే బిళ్ళలు అడిగారు. మిగతావాళ్లు ఇంకా నమ్మలేదు. ఎర్రయ్య నష్టపరిహారం కేసు నడుస్తూనే ఉంది.

కాత్యాయని చెల్లెలు విజయనగరం నుంచి వచ్చేవరకూ ఆవిడ రోజూ ప్రయోగశాలకి వస్తూనే ఉంది. రోజూ పెట్టె మీద అరచేయి ఆనించేది. తెరుచుకునేది కాదు. రోజూ హాల్లోకి వచ్చి, అందరి ముందూ, “నా గుర్తు ఎవరు చెరిపారు?” అని అడిగేది.

మొదటిరోజు ఆనందవర్ధన్ వివరించబోయాడు. హాల్లో పనిచేసే కుర్రాళ్ల ముందు ఆ జబ్బు పేరు నోటిదాకా వచ్చింది. హైమవతి అడ్డుపడి లేచి నిలబడింది.

“నేనే మేడమ్.”

“నాకు తెలుసు,” అంది కాత్యాయని. “నీ మీద మొదట్నుంచీ నాకు అనుమానమే.” ఆ మాట కత్తిలా దిగింది. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే మాట. ఎన్నిసార్లు విన్నా పదును తగ్గలేదు. తన బల్ల దగ్గర్నుంచి ఖాజా చూస్తూ ఉండేవాడు. మూడో రోజునుంచి, ఆవిడ వెళ్లిపోగానే ఏమీ మాట్లాడకుండా వచ్చి హైమవతి పక్క కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

చెల్లెలు వచ్చిన రోజున హైమవతి కారు దాకా వెళ్లింది. కాత్యాయని తలుపు మీద చెయ్యి వేసి ఆగింది.

“నా గుర్తు చెరిపింది నువ్వేనా?”

“నేనే మేడమ్.”

ఈసారి ఆవిడ కోప్పడలేదు. ఆమె ముఖాన్ని పరీక్షగా చూసింది. “నిన్ను చూస్తే అలాంటిదానివిలా లేవు. ఎవరైనా చెయ్యమన్నారా?”

“అవును మేడమ్. ఒకావిడ చెయ్యమన్నారు.”

“నమ్మదగిన మనిషేనా?”

“చాలా.”

కాత్యాయని కాసేపు ఆలోచించింది. “అయితే సరేలే,” అని కారెక్కింది.